గొంతు బొంగురు, చెవిపోటు, ముక్కు దిబ్బడ: ముందు ఎవరిని చూపించాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా బాబుకి ఆరేళ్లు. తరచూ జలుబు చేస్తుంది. నోరు తెరుచుకుని నిద్రపోతాడు, గురక కూడా పెడతాడు. ఈమధ్య ఒక రాత్రి చెవిపోటుతో గుక్కపట్టి ఏడిస్తే మా అత్తగారు వెల్లుల్లి కాచిన నూనె పోశారు. తెల్లారేసరికి తగ్గింది. కానీ పిలిస్తే పలకడం లేదని బడిలో టీచర్ అంటున్నారు. మా ఆయనకి ఎప్పుడూ ముక్కు దిబ్బడే. సైనస్ అంటారు. నెలల తరబడి మందుల షాపులో కొన్న చుక్కలు ముక్కులో వేసుకుంటే గానీ నిద్రపట్టదు. మా మామగారికి అరవై దాటాయి, చుట్ట తాగుతారు. సంక్రాంతి నుంచి గొంతు బొంగురుపోయింది, రెండు నెలలు దాటింది. నొప్పేమీ లేదు, అన్నం బాగానే తింటున్నారు, ఆసుపత్రికి రానంటున్నారు. అందరినీ ఒకేసారి తీసుకెళ్లడం మాకు కష్టం. ముందు ఎవరిని చూపించాలి?

జవాబు: ముందు మీ మామగారిని చూపించండమ్మా. ఈ వారంలోనే.

ఇంట్లో ఎవరు ఎక్కువ ఏడిస్తే వాళ్లవైపే అందరం పరిగెత్తుతాం. బాబు చెవిపోటుకి ఇల్లంతా లేచింది, మామగారి గొంతుని రెండు నెలలుగా ఎవరూ పట్టించుకోలేదు. చెవి, ముక్కు, గొంతు జబ్బుల్లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేవి నొప్పి లేకుండా వారాల తరబడి సాగేవే. మీ ఉత్తరంలో ‘నొప్పేమీ లేదు’ అన్న మాట చదివాకే ఈ జవాబు వెంటనే రాయాలనిపించింది.

జలుబుతోనో, గట్టిగా అరవడం వల్లనో గొంతు బొంగురుపోతే వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. మూడు వారాలు దాటినా తగ్గలేదంటే స్వరపేటికలోకి చూడాల్సిందే, ముఖ్యంగా పొగ తాగేవాళ్లకి. అక్కడ చిన్న బుడిపె ఉండొచ్చు, కడుపులోని ఆమ్లం పైకి తన్నడం వల్ల వచ్చిన వాపు కావచ్చు, స్వరతంత్రి కదలకుండా పోయి ఉండొచ్చు, టీబీ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. వీటిలో ఏదైనా బయటికి ఒకే రకం బొంగురుగా వినిపిస్తుంది. గొంతు విని ఇది ఫలానా అని చెప్పడం నాకే కాదు, ఏ డాక్టరుకీ సాధ్యం కాదు. అందుకే చూడాలంటున్నాను. క్యాన్సరే అని భయపెట్టడం నా ఉద్దేశం కాదు.

ఒకవేళ అదే అయినా ఇప్పుడు వెళ్తే లాభం ఎంతో ఉంది. స్వరతంత్రి మీద ఆవగింజంత గరుకు ఏర్పడినా మాట మారిపోతుంది. అంటే గడ్డ చాలా చిన్నగా ఉండగానే శరీరం మనకి తెలియజేస్తుంది. ఆ దశలో దొరికితే రేడియేషన్‌తో గానీ లేజర్‌తో గానీ ఎక్కువ మందికి పూర్తిగా నయమవుతుంది, మాటా నిలుస్తుంది. మింగడం కష్టమై, మెడలో గడ్డ లేచి, ఊపిరి ఆడక వచ్చేవాళ్లకి కొన్నిసార్లు స్వరపేటికనే తీసేయాల్సి వస్తుంది. ఆ తర్వాత జీవితాంతం మెడ దగ్గర పెట్టిన రంధ్రంతోనే ఊపిరి పీల్చుకోవాలి. ఈ రెండింటి మధ్య తేడా చాలాసార్లు కొన్ని నెలలే.

ఆయన రానంటున్నది ‘గొంతులో పైపు వేస్తారు’ అన్న భయంతో కావచ్చు. పరీక్ష ఎలా ఉంటుందో ఆయనకి ముందే చెప్పండి. ముక్కులో తిమ్మిరెక్కే మందు స్ప్రే చేసి, సన్నని మెత్తటి గొట్టం లోపలికి పంపి చూస్తారు. కొద్ది నిమిషాల పని. కాస్త కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తుమ్ము వచ్చినట్టుంటుంది, అంతే. మత్తు ఇవ్వరు, అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు. శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ, విశాఖ కేజీహెచ్‌లో గానీ ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్లండి. ఏదైనా గడ్డ తేలితే చికిత్సకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీ పనికొస్తుంది. కాబట్టి ఖర్చుకి భయపడి ఆగకండి. ఈలోగా కరక్కాయ బుగ్గన పెట్టుకుంటానన్నా, మిరియాల పాలు తాగుతానన్నా నాకు అభ్యంతరం లేదు. ‘ఇంకో నెల వాడి చూద్దాం’ అంటే మాత్రం ఒప్పుకోకండి.

చుట్ట మానేయమని ఊరికే పోరు పెడితే మానరు. పొగాకు మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ప్రభుత్వానిదే, కౌన్సెలర్లు మాట్లాడతారు.

ఇక్కడ మీ అత్తగారి గురించి కూడా ఒక మాట అడగాలి. మీ ప్రాంతంలో ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఇంకా పోలేదు. ఆ వేడి, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. మామూలు పొగతాగేవాళ్లలో అంగిలి క్యాన్సర్ అరుదు, ఇలా తాగేవాళ్లలో మాత్రం ఎక్కువ. ఆవిడకి ఆ అలవాటుంటే పగటి వెలుతురులో నోరు తెరిపించి ఒకసారి చూడండి. తెల్లగా గట్టిపడిన చోటు గానీ, ఎర్రటి మచ్చ గానీ, మూడు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ఆవిడనీ బయల్దేరదీయండి. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ల బుగ్గలకీ, నాలుకకీ ఇదే వర్తిస్తుంది.

ఇక బాబు సంగతి. ఆ రాత్రి వచ్చింది బహుశా మధ్య చెవిలో ఇన్‌ఫెక్షన్. పిల్లల్లో చాలా మామూలు, ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మీ అత్తగారి నూనె వల్ల తగ్గలేదమ్మా. అసలు ఆ నూనె కర్ణభేరి దాటి లోపలికి వెళ్లదు. ఒకవేళ కర్ణభేరికి చిల్లుపడి ఉంటే మాత్రం వెళ్తుంది, అదే ప్రమాదం. వేడి నూనెతో చెవి కాలిన పిల్లలున్నారు, తడి ఆరక చెవిలో ఫంగస్ పెరిగిన పెద్దలున్నారు. ఆవిడ ప్రేమతోనే పోశారు, తప్పు పట్టకండి. ఇకమీదట నొప్పి వస్తే పారాసెటమాల్ ఇవ్వండి. కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల పిల్లాడికి ఒకసారికి 200 నుంచి 300. ఆరు గంటలు గడిచాకే మళ్లీ ఇవ్వాలి, రోజుకి నాలుగుసార్లు మించకూడదు. సిరప్‌లు 5 మి.లీ.కి 125 ఉన్నవీ, 250 ఉన్నవీ దొరుకుతాయి. సీసా మీద చదివి ఇవ్వండి, ఇక్కడే చాలామంది పొరబడతారు.

నన్ను ఆలోచింపజేసింది ఆ నొప్పి కాదు, టీచర్ చెప్పిన మాట. జలుబు, నోటితో ఊపిరి, గురక, వినికిడి మందగించడం, ఈ నాలుగూ ఒకే పిల్లాడిలో ఉంటే ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్ గ్రంథి ఉబ్బిందేమో చూడాలి. మధ్య చెవికి గాలి అందేది ముక్కు వెనక నుంచి వెళ్లే సన్నని గొట్టం ద్వారానే. పిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి ఇట్టే మూసుకుపోతుంది. ఉన్న ఒక్క కిటికీ మూసేస్తే గదిలో చెమ్మ చేరినట్టు చెవిలో జిగురు నీరు చేరుతుంది. నొప్పి ఉండదు. పిల్లాడు టీవీ సౌండు పెంచుతాడు, ‘ఆఁ?’ అని మళ్లీ అడుగుతాడు, డిక్టేషన్‌లో తప్పులు రాస్తాడు. మొండివాడనీ, ధ్యాస లేదనీ తిట్లు తింటాడు. దయచేసి వాడిని తిట్టకండి. టీచర్‌తో మాట్లాడి ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి, ఎదురుగా నిలబడి మాట్లాడమనండి.

కర్ణభేరి కదలికనీ, వినికిడినీ కొలిచే పరీక్షలు ఉన్నాయి. సూది లేదు, నొప్పి లేదు. నీరు ఉందని తేలితే సాధారణంగా మూడు నెలలు గమనిస్తారు, చాలామంది పిల్లల్లో అదే పోతుంది. యాంటీబయాటిక్‌లు, జలుబు సిరప్‌లు ఆ నీటిని కరిగించలేవు. అయినా ఎవరైనా సీసాల మీద సీసాలు రాస్తుంటే ఎందుకని అడగండి. మూడు నెలల తర్వాత కూడా రెండు చెవులూ సరిగా వినపడకపోతే కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టడం గురించి డాక్టర్ చెబుతారు. అడినాయిడ్ మామూలుగా పదేళ్లు దాటాక కుంచించుకుపోతుంది, కాబట్టి ప్రతి పిల్లాడికీ ఆపరేషన్ అక్కర్లేదు. కానీ నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నాడా, పగలు మగతగానో చిరాకుగానో ఉంటున్నాడా, బరువు పెరగడం లేదా? అలాగైతే వాయిదా వేయకూడదు. నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి, ఎంతో ఉపయోగపడుతుంది. అడినాయిడ్ తీసేస్తే పిల్లాడి రోగనిరోధక శక్తి పోతుందన్న భయం అక్కర్లేదు.

ఇంట్లో చుట్ట పొగ, కట్టెల పొయ్యి పొగ పీల్చే పిల్లలకి చెవి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. మామగారికి మనవడి మీద ప్రేమ ఉంటే, ఆయన చుట్ట కనీసం ఇంటి బయటికి వెళ్లడానికి ఈ కారణం పనికొస్తుంది.

బాబుని ఒక నెలలోపు చూపిస్తే సరిపోతుంది. అయితే చెవి వెనకాల ఎముక మీద వాచి చెవి ముందుకి పొడుచుకొచ్చినా, మూతి ఒక పక్కకి వంకరపోయినా, జ్వరంతో పాటు వాంతులై మగతగా పడి ఉన్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. చెవి నుంచి దుర్వాసనతో చీము కారుతూ ఉండటాన్ని మన పల్లెల్లో ఏళ్ల తరబడి భరిస్తారు. నొప్పి ఉండదు కదా. ఆ చీము వెనక ఎముకని తినేసే జబ్బు దాగి ఉండొచ్చు, చూపించాల్సిందే. అలాగే ముక్కు ఒక పక్కనుంచే కంపు వాసనతో చీమిడి కారితే ఏ చింతగింజో, పూసో దూర్చుకున్నాడని అనుమానించండి. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అయితే అర్ధరాత్రైనా ఆగకూడదు. రెండు గంటల్లోనే లోపలి చర్మాన్ని కాల్చేస్తుంది. నీళ్లు పోయడం, పిన్నుతో లాగడం వద్దు.

మీ ఆయన విషయంలో అసలు ఇబ్బంది ఇప్పుడు ఆ చుక్కలే. ముక్కు దిబ్బడ తెరిచే ఆ మందులు ఐదు రోజులు మించి వాడకూడదు. మించితే మందు ప్రభావం తగ్గగానే లోపలి పొర ముందుకంటే ఎక్కువ వాస్తుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. బీపీ ఉన్నవాళ్లకి అవి ఇంకా మంచివి కావు. ముందు ఒక పక్క ముక్కులో మానేసి, అది తెరుచుకున్నాక రెండో పక్క మానమనండి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది. ఆ సమయంలో డాక్టర్ రాసే స్టెరాయిడ్ స్ప్రే ఆదుకుంటుంది. స్టెరాయిడ్ అన్న పేరు విని బెదరకండి. అది ముక్కు వరకే పనిచేసే కొద్దిపాటి మోతాదు. పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుంది. రెండు రోజులకే ‘పనిచేయలేద’ని పడేయకూడదు. స్ప్రే ముక్కు మధ్య గోడ మీద కాకుండా పక్కకి కొట్టాలి.

పొద్దున లేస్తూనే తుమ్ములు, ముక్కు దురద, నీళ్లు కారడం ఉంటే అది సైనస్ కన్నా అలర్జీ కావడానికే అవకాశం ఎక్కువ. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మంచిదే. గ్లాసు నీళ్లలో అర టీస్పూను కంటే కాస్త తక్కువ ఉప్పు వేయాలి. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి, బోరు, చెరువు నీళ్లు ముక్కులోకి ఎక్కితే మెదడుని తినే అమీబా ప్రమాదం ఉంది. అరుదే, కానీ ప్రాణాంతకం. జలుబు పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం, చిక్కటి చీమిడి, ముఖం నొప్పి మొదలైనా చూపించుకోవాలి. కన్ను చుట్టూ వాచినా, ఒకటి రెండుగా కనిపించినా అదే రోజు వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు ముఖం ఒకపక్క మొద్దుబారినా, ముక్కు నుంచి నల్లగా వచ్చినా ఒక్క పూట కూడా ఆగకూడదు. 2021లో కరోనా వెనకే వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇలాగే మొదలైంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. నిద్ర లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే గుబిలి అనుకుని చుక్కలు వేస్తూ వారం గడిపేస్తారు. కొందరిలో అది లోపలి నరం దెబ్బతినడం. మూడు రోజుల్లోపు మందు మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం బాగుంటుంది, రెండు వారాలు దాటితే బాగా తగ్గిపోతుంది. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. కూర్చుని ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని మధ్యలో వదలకుండా పది, పదిహేను నిమిషాలు నొక్కిపట్టాలి. అరగంటకీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. గొంతు నొప్పికి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే చాలావరకు సరిపోతుంది. నోరు తెరవలేక, ఉమ్ము కూడా మింగలేక, ఊపిరి కూత పెడుతుంటే మాత్రం వెంటనే తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు మామగారి బీపీ, షుగర్ కాగితాలు, వాడే మాత్రలు సంచిలో వేసుకోండి. రక్తం పలచబడే మాత్ర ఏదైనా ఉంటే ముందే చెప్పండి. ఆయన మరీ మొండికేస్తే మనవడి చెవి పరీక్షకి తోడు రమ్మనండి, దానికి కాదనరు. అక్కడికి వెళ్లాక ఆయన పేరు మీద కూడా ఓపీ చీటీ తీసుకోండి.