పటంలో గ్రీన్‌లాండ్ ఎందుకంత పెద్దది?

ప్రశ్న: గోడకు వేలాడే ప్రపంచపటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా కనిపిస్తాయి. గ్లోబు మీద మాత్రం గ్రీన్‌లాండ్ చాలా చిన్నది. దేన్ని నమ్మాలి?

జవాబు: గ్లోబునే నమ్మండి. ఆఫ్రికా వైశాల్యం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్‌ది దాదాపు 21.6 లక్షలు. చిక్కంతా జ్యామితిది. ఉత్తర ధ్రువం నుంచి 90 డిగ్రీల ఎడంతో రెండు రేఖాంశాలను భూమధ్యరేఖ వరకు గీస్తే ఏర్పడే త్రిభుజంలో మూడూ లంబకోణాలే, అంటే మొత్తం 270 డిగ్రీలు; చదునైన కాగితం మీది త్రిభుజంలో అది 180 మాత్రమే. అలాంటి ఉపరితలాన్ని దూరాలేవీ చెడకుండా చదునైన కాగితం మీదికి దించడం అసాధ్యమని 1827లో జర్మన్ గణితవేత్త గాస్ ప్రచురించిన సిద్ధాంతం తేల్చింది.

కనుక ఏదో ఒకటి వదులుకోక తప్పదు. 1569లో పటాల రూపకర్త మెర్కేటర్ నావికుల కోసం కోణాలను కాపాడి, వైశాల్యాన్ని వదిలేశాడు. 60 డిగ్రీల అక్షాంశవృత్తం పొడవు భూమధ్యరేఖలో సగమే అయినా ఆయన పటంలో రెండూ సమానం కాబట్టి, అక్కడి నేల అడ్డంగా రెండింతలు సాగుతుంది; కోణాలు చెడకూడదంటే నిలువుగానూ అంతే సాగదీయాలి గనుక వైశాల్యం నాలుగింతలవుతుంది. గ్రీన్‌లాండ్ దాదాపు అంతా ఇంకా ఉత్తరానే ఉంది. ఓడల కోసం పుట్టిన పటాన్ని తరగతి గదిలో తగిలించడం, నా దృష్టిలో, సరైన ఎంపిక కాదు. పరిమాణాలను పోల్చాలంటే, ఆకారాలు కొంత వంకరపోయినా సరే, వైశాల్యాన్ని కాపాడే మాల్‌వైడ్ పటం చూడండి.