చందా డబ్బు ఆదాయం కాదు, బాకీ

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాంతంలోని చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, చేతిపనివాళ్ల గురించి ఒక చిన్న పత్రిక తేవాలని ఉంది. దీన్నే కెరీర్‌గా పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. అయితే మొదటి రెండేళ్లు జీతం వచ్చే పని ఇంకోటి చేతిలో ఉండాలి. మంచి రాతలున్న చిన్న పత్రిక కూడా ఏడాది చందాలన్నీ మొదటి సంచిక అచ్చుకే పెట్టేస్తే ఆగిపోతుంది. చందా మీ ఆదాయం కాదు, ఇంకా పంపాల్సిన సంచికల బాకీ. ఏడాదికి నాలుగు సంచికలైతే ఒక్కోదానికి చందాలో నాలుగో వంతే వాడండి. మిగతాది వేరే ఖాతాలో కదలకుండా ఉండాలి.

ధర కట్టేటప్పుడు ఈ లెక్క చూసుకోండి. ముఖధర 100 అనుకుంటే, దుకాణం కమిషన్ 40, అచ్చుకు 50 పోతే మిగిలేది 10. అది రవాణాకే చాలదు. అమ్ముడుపోని కాపీల నష్టం దీనికి అదనం. అందుకే అచ్చు ఖర్చు ముఖధరలో మూడో వంతు దాటనివ్వకండి, వీలైనన్ని కాపీలు నేరుగా పాఠకులకే అమ్మండి. ముందే డబ్బు కట్టినవాళ్ల సంఖ్యకు మరో 20 శాతం కలిపి వేయించండి, అంతకు మించి వద్దు. ఒకటి రెండు వందల కాపీలకు డిజిటల్ ప్రింటింగే నయం. ఆఫ్‌సెట్‌లో (పేజీలను ముందు లోహపు ప్లేట్ల మీదికి ఎక్కించి అచ్చువేసే పద్ధతి) ఆ ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, కాపీలు పెరిగితేనే గిట్టుబాటు.

ఏ5 సైజు (ఏ4 కాగితంలో సగం), 32 పేజీలు, సెంటర్ పిన్నింగ్‌తో (మధ్య మడత మీద పిన్నులు కొట్టడం) మొదలుపెట్టండి. మడిచిన ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి పేజీలు 4 లెక్కన పెరగాలి, లేదంటే చివర్లో ఖాళీలు మిగులుతాయి. ఎక్కువ తప్పులు అచ్చుకు పంపే ఫైల్లోనే జరుగుతాయి. ఏ5 నిండా వేసే బొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన సుమారు 1750 × 2480 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. అంచుదాకా వచ్చే బొమ్మను నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పెంచకపోతే కత్తిరింపులో తెల్ల గీత కనిపిస్తుంది. అక్షరాలు ఒక్క నలుపు ఇంకులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపైతే, రంగులు కొద్దిగా జరిగినా చిన్న అక్షరం మసకబారుతుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతుంటే, అందులో కంపోజర్ అనే సెట్టింగ్‌ను వరల్డ్-రెడీకి మార్చండి. ఒక్క కాపీ తీయించి, పిన్నులు కొట్టించి, చేత్తో తిరగేశాకే మిగతావి వేయమని చెప్పండి.

అనుమతులు రాతపూర్వకంగా తీసుకోండి. కాపీరైట్ కళాకారుడిదే, మీకు అచ్చులోనూ వెబ్‌లోనూ వేసుకునే హక్కు చాలు. బొమ్మను ఫొటో తీసింది వేరొకరైతే వాళ్ల అనుమతి విడిగా కావాలి. ఇది చాలామంది మరిచిపోతారు. పేర్లు, తేదీలు వాళ్లకు చదివి వినిపించి సరిచూడండి. డబ్బు తీసుకుని ఎవరి గురించీ వ్యాసం వేయకండి. ప్రకటనైతే ప్రకటన అనే అచ్చువేయండి. ఒక్కసారి డబ్బుకు వేశారని తెలిస్తే, ఆ తర్వాత మీరు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నా పాఠకులు నమ్మరు.

ఒక సంచికకు పది వారాలు కేటాయించండి: నాలుగు ఇంటర్వ్యూలకు, రెండు ఎడిటింగ్‌కు, రెండు లేఅవుట్‌కు, ఒకటి ప్రూఫుకు, ఒకటి అచ్చుకు. మూడు సంచికలు చెప్పిన తేదీకి వస్తే ప్రచురణ సంస్థల్లో సబ్ ఎడిటర్, లేఅవుట్ డిజైనర్, ప్రొడక్షన్ పనులకు ధైర్యంగా దరఖాస్తు చేయవచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సంచికలతో పాటు వాటి ఖర్చుల పట్టిక కూడా తీసుకెళ్లండి.