డాక్టర్ ముక్వేగే చేసేది ఆపరేషన్ ఒక్కటేనా?

కాదు. ఆయన యుద్ధంలో అత్యాచారానికి గురైన మహిళలకు చికిత్స చేసే గైనకాలజిస్టు. కాంగోలోని బుకావులో 1999లో డెనిస్ ముక్వేగే స్థాపించిన పాంజీ ఆసుపత్రిలో మానసిక వైద్యం, న్యాయ సహాయం, బతుకుదెరువు చూపడం కూడా చికిత్సలో భాగమే. 2018లో, ఐసిస్ చెర నుంచి బయటపడ్డ యాజిదీ మహిళ నాదియా మురాద్‌తో కలిపి ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

వైద్యం విషయానికొస్తే, ముందు చూడాల్సింది గడువు. అత్యాచారం జరిగిన 72 గంటల్లోపు హెచ్ఐవీ నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా లెవోనార్జెస్ట్రెల్ అనే మాత్ర 1.5 మి.గ్రా. ఒకే మోతాదు, 120 గంటల్లోపు. ఎంత త్వరగా వేస్తే అంత మేలు. యుద్ధప్రాంతంలో ఈ గడువు దాటాక వచ్చేవాళ్లే ఎక్కువ, చిక్కంతా అక్కడే.

అసలు కష్టం ఫిస్టులాతో. క్రూరమైన అత్యాచారం వల్ల మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి మూత్రం ఆగకుండా కారుతుంది. లీకు ఎక్కడిదో తేల్చడానికి యోనిలో గాజుగుడ్డ ఉంచి, కాథెటర్ (సన్నని గొట్టం) ద్వారా మూత్రాశయంలోకి నీలిరంగు ద్రవం ఎక్కిస్తారు. గుడ్డ నీలమైతే లీకు మూత్రాశయానిదే. తడిసినా రంగు అంటకపోతే కిడ్నీ నుంచి దిగే నాళాన్ని అనుమానించాలి. రంధ్రం చుట్టూ గట్టిపడిన కణజాలాన్ని విడదీసి, కుట్టు మీద లాగుడు పడకుండా మూస్తారు. ఆపరేషన్ తర్వాత మూత్రం బయటికి పోవడానికి ఉంచిన కాథెటర్ పూడుకుపోయిందా, ఉబ్బిన మూత్రాశయం కుట్లు తెంపేస్తుంది. సంచిలోకి మూత్రం పడుతోందా అని రాత్రీ పగలూ చూసే నర్సు, నన్నడిగితే, సర్జన్‌కేమీ తీసిపోదు.

ఇంకొకటి. పరీక్షలో ప్రతి దశకూ బాధితురాలి అనుమతి అడగాలి. వద్దంటే ఆపాలి, కానీ పరీక్ష వద్దందని మందులు ఆపకూడదు.