పరిశోధన సంచిక బాధ్యత తీసుకున్న శిష్యురాలికి

పాలకొల్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన అధ్యాపకులు, విద్యార్థులు ఈ ఏడాది సాధించిన పరిశోధన ఫలితాలను ఒకచోట చేర్చి వార్షిక సంచికగా తెచ్చే పని నీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ పని నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి నాకు తెలిసినదంతా రాస్తున్నాను. ఎన్ని పత్రాలు, ఎన్ని పేటెంట్లు, ఎన్ని సత్కారాలు అనే పట్టిక ఎవరైనా వేయగలరు. ఏమి కనుగొన్నారు, ఎలా కనుగొన్నారు, అది ఎంతవరకు నిలబడుతుంది అనేవి మాత్రం అడిగి తెలుసుకున్నవారే రాయగలరు. ధాన్యం అమ్మి, చెరువు లీజుకిచ్చి ఫీజులు కట్టిన తల్లిదండ్రులు ఆ సంచిక చేతిలోకి తీసుకుంటారు. తమ బిడ్డ ఏం పని చేసిందో వాళ్లకు అర్థం కావాలి.

శాఖల నుంచి నీకు వచ్చే కాగితాల్లో ‘ఆక్వా రంగంపై విశిష్ట పరిశోధన చేశారు’ వంటి వాక్యాలే ఎక్కువగా ఉంటాయి. అలాంటి వాక్యం కనిపించినప్పుడల్లా ఆ పని చేసిన విద్యార్థిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగు. నేను ఒకసారి అలా అడిగినప్పుడు, ఒక ఎమ్మెస్సీ అమ్మాయి భీమవరం వైపు వనామీ రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్‌ను ఎలా కొలిచిందో చెప్పింది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మేత కలిసి దాన్ని వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ అమ్మాయి చీకటితోనే గట్టు మీదికి చేరి, గాలిబుడగ ఒక్కటి కూడా చిక్కకుండా సీసాను నీటితో నింపి, అక్కడికక్కడే మాంగనస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ ద్రావణాలు వేసి మూత బిగించేది. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది, లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. ఆ తరువాత ప్రయోగశాలలో ఆమ్లం కలిపి, వెలువడిన అయొడిన్‌ను థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి, అంటే ఆ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి ఎంత పట్టిందో చూసి, ఆక్సిజన్ లెక్క కట్టేది. శాఖ పంపిన కాగితంలో ఇందులో ఒక్క ముక్క లేదు. గైడు పేరు, సదస్సు పేరు, సర్టిఫికెట్ ఫోటో మాత్రం ఉన్నాయి. ఆమె చెప్పినదాన్ని నాలుగు వాక్యాల్లో వేశాం. అది చదివి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు తిప్పాలని అడగడానికి రైతులు నేరుగా శాఖకే వచ్చారు.

పద్ధతులకు సంబంధించిన పత్రాలను చిన్నచూపు చూడవద్దు. కొత్త మందునో కొత్త పరికరాన్నో కనిపెడితేనే విజయమని, కొలిచే తీరును మెరుగుపరిస్తే అది సాదా పని అని అనుకునేవారు మన విభాగాల్లోనే చాలామంది ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించినది భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వారిద్దరూ కండరానికి శక్తినిచ్చే పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో గుర్తించగలిగారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. అంతటి పని విషయంలోనే పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, ‘ప్రపంచంలోనే మొట్టమొదటిసారి’ అని ఎవరైనా రాసి పంపితే, ఆ మాట తీసేసి మిగిలిన వాక్యం నిలబడుతుందో లేదో చూడు. సాధారణంగా నిలబడుతుంది, ఇంకా బాగుంటుంది కూడా.

ఫలితాన్ని రాసేటప్పుడు దాని హద్దును కూడా అదే వాక్యంలోనో, పక్క వాక్యంలోనో రాయాలి. మన మారుటేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంటీయూ 7029 అనే వరి రకాన్ని, అంటే స్వర్ణను, డెల్టాలో తెలియని రైతు లేడు. అది వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరిస్తే వచ్చింది. దానికి ముంపును తట్టుకునే సబ్1 జన్యువును చేర్చి తయారుచేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఆ జన్యువు ఒడిశా దేశవాళీ వరి నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఎ అనే రకానిది. దాని గుట్టు విప్పిన పత్రం 2006లో నేచర్ పత్రికలో వెలువడింది. మామూలు వరి నీట మునిగితే పైకి తేలాలని పొడవు సాగి, దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. సబ్1 ఉన్న మొక్క సాగకుండా ఆగి, నీరు తీసిన తరువాత మళ్లీ పిలకలు వేస్తుంది. ఇక్కడితో ఆపితే వార్త సగమే అవుతుంది. ఆ రక్షణ పైరు ఎదిగే దశలో, సుమారు రెండు వారాల ముంపు వరకే పనిచేస్తుంది. కోతకు వచ్చిన సార్వా చేను తుఫానుకు పడిపోయి నీళ్లలో నానితే ఈ జన్యువు గింజను కాపాడదు. ఈ ఒక్క వాక్యం లేకపోతే, చదివిన రైతు వానాకాలం చివర్లో మోసపోయినట్టు భావిస్తాడు.

పేటెంట్ల విషయంలో ఎక్కువ సమయం కేటాయించు. నీకు వచ్చే పొరపాటు వార్తల్లో చాలా భాగం ఇక్కడివే ఉంటాయి. దరఖాస్తు దాఖలు చేయడం, అది ప్రచురితం కావడం, పరీక్ష జరగడం, పేటెంటు మంజూరు కావడం అనేవి వేరువేరు మెట్లు. దాఖలైన దరఖాస్తు మామూలుగా 18 నెలల తరువాత, ముందే కోరితే అంతకంటే త్వరగా, శుక్రవారాల్లో వెలువడే పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ప్రచురితమవుతుంది. అది చూసి ‘పేటెంట్ పొందారు’ అని రాసి పంపుతారు. పరీక్షాధికారి అప్పటికి దాని కొత్తదనాన్ని తూచి ఉండడు. మంజూరైన పేటెంటుకు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ల గడువు ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. ఆ నంబరు అడుగు. డిజైన్ రిజిస్ట్రేషన్ మరో సంగతి, అది వస్తువు ఆకారానికి, రూపానికి దక్కే రక్షణ మాత్రమే; దాన్ని పేటెంట్ల జాబితాలో కలపకు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఇంకా దరఖాస్తు చేయని పరికరం వివరాలను సంచికలో అచ్చువేస్తే, మన చేతులతోనే దాని కొత్తదనాన్ని పోగొట్టినవాళ్లం అవుతాం.

పత్రికల గురించి కూడా అడుగుతారు. నమ్మదగిన పరిశోధన పత్రికలేవో చెప్పే యూజీసీ-కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది కాబట్టి, ఏ పత్రిక మంచిదో తేల్చే భారం ఇప్పుడు విభాగాల మీదే ఉంది. అంగీకారం పొందిన పత్రాన్ని ప్రచురితమైనదిగా, సదస్సులో పెట్టిన పోస్టరును ఉపన్యాసంగా రాయకు. ‘ప్రపంచంలోని రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా’లో చోటు దక్కిందని వస్తే, అది జీవితకాలపు జాబితానా, ఒక్క ఏడాది జాబితానా అడిగి రాయి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ అనే పరిశోధన పత్రాల సమాచార నిధిలోని లెక్కల ఆధారంగా తయారుచేసిన జాబితా అది. విశ్వవిద్యాలయం ఇచ్చిన బిరుదు కాదు. చట్టప్రకారం పట్టాలిచ్చే అధికారం లేని సంస్థలు పంచే గౌరవ డాక్టరేట్లను పక్కన పెట్టేయి. ఈ విషయంలో పెద్దవారు నొచ్చుకున్నా సరే, వెనక్కి తగ్గకు.

పేర్ల దగ్గర న్యాయంగా ఉండు. పత్రంలో ఉన్న వరుసనే పాటించు. గైడు పెద్దవారు కదా అని విద్యార్థి పేరును వెనక్కి నెట్టకు. కొలతలు తీసినది ఎవరు, లెక్క కట్టినది ఎవరు, రాసినది ఎవరు అని విడిగా అడిగితే, చాలాసార్లు ల్యాబ్ అసిస్టెంట్ పేరు, నమూనాలకు చెరువు ఇచ్చిన రైతు ప్రస్తావన కూడా బయటికి వస్తాయి. రైతు ఒప్పుకుంటేనే ఆయన పేరు, ఊరు వేయాలి. చెరువులో రోగం ఉందని అచ్చులో కనబడితే సరుకు కొనేవాళ్లు ధర తగ్గించే ప్రమాదం ఉంటుంది.

ముసాయిదా సిద్ధమయ్యాక, ప్రతి వార్తను దానికి సంబంధించిన విద్యార్థికే ఇచ్చి చదివించు, గైడుకు ఆ తరువాత ఇవ్వు. విద్యార్థులు అంకెల్లో తప్పులు త్వరగా పడతారు. పేటెంట్ల పేజీలను మాత్రం ప్రెస్‌కు ఇచ్చే ముందు నాకు పంపు. నంబర్లు ఒక్కొక్కటిగా సరిచూసి వారంలోపల తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు