రూట్ కెనాల్ అయింది, నొప్పి లేదు... క్యాప్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 42. గాజువాకలో ఉంటాను. ఐదు నెలల క్రితం కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. క్యాప్ వేయించుకోమన్నారు కానీ, నొప్పి తగ్గిపోవడం, అదే సమయంలో పాప కాలేజీ ఫీజు కట్టాల్సి రావడంతో వాయిదా వేశాను. మొన్న చేగోడీ కొరికితే నాలుక వైపు పన్ను ముక్క విరిగింది. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు కూడా సగం ఊడిపోయింది. నొప్పి మాత్రం లేదు. ఇప్పుడు క్యాప్ వేయించుకుంటే సరిపోతుందా? పన్ను తీయించేయడమే మేలా?

జవాబు: తీయించేయాలన్న ఆలోచన ఇప్పుడే వద్దు. అలాగని నేరుగా వెళ్లి క్యాప్ కూడా వేయించుకోకండి. ముందు ఆ పన్ను ఏ స్థితిలో ఉందో తేలాలి.

నొప్పి లేదన్న ధైర్యం మాత్రం పనికిరాదు. రూట్ కెనాల్‌లో పన్ను లోపలి నరం తీసేస్తారు. ఆ తర్వాత పన్ను పుచ్చినా జివ్వుమనదు. చిగురు వాచి, చీము పట్టాక గానీ చాలామందికి తెలియదు. అందుకే రూట్ కెనాల్‌తో వైద్యం సగమే అయినట్టు. మిగతా సగం క్యాప్.

తాత్కాలిక సిమెంటు కొన్ని వారాల కోసం పెట్టేది. అది అరిగిందంటే లాలాజలం, దాంతోపాటు బ్యాక్టీరియా పంటి వేర్లలోని ఫిల్లింగ్ పక్క నుంచి మెల్లగా కిందికి దిగుతాయి. మీ విషయంలో నాకున్న ప్రధానమైన అనుమానం ఇదే. డాక్టర్ మిగిలిన సిమెంటు తీసి లోపల చూస్తారు, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లని నీడ ఉందేమో పరిశీలిస్తారు. మళ్లీ రూట్ కెనాల్ చేయాలని చెబితే డబ్బు కోసమేనని అనుకోకండి. చెడిన పునాది మీద క్యాప్ నిలవదు.

రెండో విషయం, విరిగిన చోటు. పగులు వేరులోకి దిగిపోయి ఉంటే పన్ను తీయక తప్పదు. అలా కాకుండా చిగురు పైన చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉంటే క్యాప్‌కు మంచి పట్టు దొరుకుతుంది. కాస్త తక్కువైతే చిగురును కొద్దిగా సవరించి ఎత్తు పెంచే వీలుంది. లోపలి ఖాళీని గట్టి ఫిల్లింగ్‌తో నింపి, దాని మీద క్యాప్ వేస్తారు. పోస్టు, అంటే వేరులోకి దించే సన్నని కడ్డీ వేస్తే పన్ను బలపడుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది ఫిల్లింగ్‌ను పట్టి ఉంచడానికే. దవడ పన్నులో ఫిల్లింగ్ నిలిచేంత గోడలుంటే పోస్టు అక్కర్లేదు.

ముందు పళ్లకైతే, నష్టం తక్కువగా ఉంటే ఒక్కోసారి ఫిల్లింగ్ సరిపోతుంది. దవడ పళ్ల మీద నమిలే బరువంతా పడుతుంది. పుచ్చు, రూట్ కెనాల్ రంధ్రం కలిసి గోడలను పల్చన చేస్తాయి కాబట్టి వాటిని పైనుంచి కప్పాల్సిందే. మీ పన్ను చేగోడీకే విరిగిందంటే కారణం అదే.

ఏ క్యాప్ అన్నదానికి నా అభిప్రాయం చెబుతాను. వెనక పన్ను కదా, నవ్వినప్పుడు పెద్దగా కనిపించదు. డబ్బు ఇబ్బందిగా ఉంటే మెటల్ క్యాప్ నిశ్చింతగా వేయించుకోండి. గట్టిగా ఉంటుంది, దాని కోసం మీ పన్నును అరగదీయాల్సిందీ తక్కువే. పంటి రంగు కావాలంటే జిర్కోనియా అనే గట్టి సిరామిక్ మంచిది. మెటల్ మీద సిరామిక్ వేసినవి చవకే కానీ, పైపూత పెచ్చు ఊడే అవకాశం ఉంది. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమైతే రుషికొండలోని గీతం డెంటల్ కాలేజీలోనో, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలోనో అడిగి చూడండి. కాలేజీ ఆసుపత్రుల్లో సాధారణంగా ఖర్చు తక్కువ, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. అప్పటిదాకా ఆ పక్క నమలొద్దు. మెత్తని బ్రష్‌తో అక్కడ శుభ్రం చేస్తూ ఉండండి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దు, లీకయ్యే దారిని అది మూయలేదు. చిగురు వాపు, చీము, జ్వరం కనిపిస్తే అదే రోజు వెళ్లండి. దవడ కింద వాపు పెరుగుతున్నా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.