నల్ల ఆరాటస్ రౌడీయిజం

ప్రశ్న: మూడడుగుల అక్వేరియంలో ఆఫ్రికన్ సిక్లిడ్ చేపలు పెంచుతున్నాం. కొత్తగా తెచ్చిన రెండింటినీ ఆరాటస్ రకం నల్ల చేప మూలకు తరిమేస్తోంది. ఒకదాని తోక చిరిగింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఆ నల్లది మగదే అయి ఉంటుంది. ఆరాటస్‌లో ఆడవి పసుపుగా ఉంటాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల సందుల్లో బతికే జాతి ఇది, తనదనుకున్న రాయి దగ్గరికి ఎవరొచ్చినా ఊరుకోదు. మా ఇంట్లో ఒకటి గాజులో తన నీడనే పొడిచేది! ముందు తోక చిరిగినదాన్ని వేరే తొట్టెలోకి మార్చండి. నల్లదాన్ని కూడా నాలుగైదు రోజులు విడిగా ఉంచి, ఈలోగా రాళ్లన్నీ అటూ ఇటూ మార్చేయండి. తిరిగొచ్చేసరికి దాని అడ్డా ఉండదు, అదే కొత్తగా వచ్చినట్టు అవుతుంది. చేపలు ఒకదానికొకటి కనబడకుండా రాళ్లు అడ్డంగా పేర్చండి. అప్పటికీ తగ్గకపోతే షాపులో తిరిగిచ్చేయండి. మూడడుగుల్లో ఆరాటస్‌ని నేనైతే పెట్టను.