సాక్ష్యం చెప్పడానికి భయపడుతున్న పాపకు

చిత్తూరు,
ఆదివారం సాయంత్రం

పాపా,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నీ మాటే మనసులో తిరుగుతా ఉంది. "క్రిస్మస్ లోపల ఒక్కొక్కరు ఒక్కొక్కరిని చర్చికి తీసుకురావాలన్నారు పెద్దమ్మా, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది, నేనేమన్నా పాస్టరమ్మనా?" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇట్లా రాస్తున్నాను.

ముందు ఆ లెక్క పక్కన పెట్టు. ఒక మనిషి మనసు మారడం నీ చేతిలో లేదు, నాలాంటి పెద్దదాని చేతిలోనూ లేదు. నీకు జరిగింది చెప్పడం వరకే నీ పని, మనం సాక్ష్యం అనేది దాన్నే. ఆ పని మాత్రం పాస్టరు గారిదే, నీది కాదంటే నేను ఒప్పుకోను. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం తీసి చూడు. యెరూషలేములో హింస మొదలైనప్పుడు యేసు పంపిన పెద్ద శిష్యులు, అపొస్తలులు, అక్కడే ఉండిపోయారు. చెదిరిపోయింది మామూలు విశ్వాసులు. పోయిన చోటల్లా సువార్త చెప్పింది వాళ్లే. అంతియొకయలో గ్రీకువాళ్లకు చెప్పినవాళ్ల సంగతి పదకొండో అధ్యాయంలో ఉంది. వాళ్లు ఏ ఊరివాళ్లో రాశారు గానీ పేర్లు రాయలేదు.

మనింటికి ఈ మాట ఎట్లా వచ్చిందో మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పిందో లేదో. 1952లో మీ తాతకు టీబీ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చేర్చారు. 1915లో మొదలైన శానిటోరియం అది. కొత్త మందులు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం, ఎక్కువగా అదే వైద్యం. సొంత అన్న చూడ్డానికొచ్చినా గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదట. కఫం గిన్నెలు కడిగే ఒకాయన మాత్రం రోజూ పొద్దున్నే మంచం పక్కన గొంతుక్కూర్చుని "రాత్రి నిద్ర పట్టిందా అన్నా?" అని అడిగేవాడు. జవాబు విన్నాకే గిన్నె తీసుకుని లేచేవాడు. మూడు నెలలు చూసి తాతే అడిగాడు, "నీకు భయం లేదా?" అని. "ఎందుకు లేదూ, ఉంది. కానీ మా యేసయ్య కుష్ఠరోగిని ముట్టుకున్నాడన్నా. నేను ఆయన మనిషిని" అన్నాడట. అంతే, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ కథ ఎక్కడుందో కనుక్కుని తాత మార్కు సువార్త తెప్పించుకున్నాడు. ఆయన పేరు అడిగి గుర్తు పెట్టుకోలేదే అని చివరిదాకా బాధపడ్డాడు. నువ్వూ నేనూ ఈ రోజు ప్రార్థన చేసుకుంటున్నామంటే ఆ ఒక్క జవాబు వల్లే.

నేను చేసిన తప్పు కూడా నీకు చెప్పాలి. నర్సుగా చేరిన కొత్తలో, ఇరవై మూడేళ్ల వయసులో నాకు ఆత్రం ఎక్కువ. తెల్లారితే ఆపరేషన్ ఉన్న ఒక రైతు చేతిలో కరపత్రం పెట్టాను. ఆయన రెండు చేతులా తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు. నాకెంత సంతోషమో! అర్ధరాత్రి ఆయన భార్య చెప్పులు బయటే విడిచి నా టేబుల్ దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "అమ్మా, మేము మీ దేవుణ్ణి ఒప్పుకోకపోతే రేపు ఆపరేషన్ చెయ్యరా?" అని అడిగింది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఆ వేళ్లు నాకిప్పటికీ కనిపిస్తాయి. అందుకే చెబుతున్నాను, మన మీద ఆధారపడి ఉన్నవాళ్లకు, కాదనలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఆ సమయంలో చెప్పకూడదు. నువ్వు కూర్చునేది స్కానింగ్ సెంటర్ కౌంటర్లో. టోకెన్ పట్టుకుని రిపోర్టు కోసం గుండె చేత్తో పట్టుకుని నిలబడినవాళ్లకు కుర్చీ చూపించు, మంచినీళ్లివ్వు, నెమ్మదిగా మాట్లాడు. అక్కడ సువార్త వద్దు. "ప్రార్థన చేస్తే నయమైపోతుంది, మందులు మానెయ్" అనే మాట ఎవరన్నా నా ఎదురుగా అంటే నేను ఊరుకోను. నువ్వూ ఊరుకోవద్దు.

నువ్వుండేది తిరుపతిలో, అది కూడా గుర్తుంచుకో. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం మనకిచ్చింది. ఆ హక్కంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. కొండమీద వేరే మత ప్రచారం కుదరదని 2007 నుంచి చట్టమే ఉంది. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. అలిపిరి దగ్గర మొక్కు తీర్చుకోవడానికి నడిచొచ్చే మనిషికి ఎదురెళ్లి కరపత్రం ఇవ్వడం మర్యాద కాదు. ఎఫెసు కూడా తిరుపతి లాగే గుడి మీద బతికే ఊరు. అపొస్తలుడు పౌలు సువార్త చెబుతూ అక్కడ రెండేళ్లకు పైగా ఉన్నాడు. గొడవ జరిగినప్పుడు ఆ ఊరి కరణమే లేచి, వీళ్లు మన దేవతను దూషించలేదు అన్నాడు. అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది, చదువు. మన గురించి కూడా పక్కింటివాళ్లు ఆ మాట చెప్పగలగాలి.

ఎవరన్నా కొండ నుంచి లడ్డూ ప్రసాదం తెచ్చిస్తే ఏం చెయ్యాలని అడిగావు. తీసుకోవాలా వద్దా అన్నది నీ మనస్సాక్షికి సంబంధించింది, కొరింథీయుల మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు చదివి ప్రార్థించుకుని తేల్చుకో. వద్దనుకుంటే మాత్రం ముఖం చిట్లించకు. వాళ్లు ప్రేమగా తెచ్చారు. "నాకోసం గుర్తుపెట్టుకుని తెచ్చావు, చాలా సంతోషం, మా ఇంట్లో తీసుకోం, ఏమనుకోకు" అని నవ్వుతూ చెప్పు.

ఇంకొకటి, మన చర్చి తెలుగు బయటివాళ్లకు అర్థం కాదు. "రక్షించబడ్డాను", "భారం కలిగింది", "విడుదల పొందాను" అంటే మనకు ఒళ్లు పులకరిస్తుంది. విన్నవాళ్లకు ఏ జైలు నుంచి విడుదలో తెలియదు. స్త్రీల మైత్రిలో, అదే మన చర్చి ఆడవాళ్ల కూటంలో, మేము ఒకసారి ఈ మాటలేవీ లేకుండా సాక్ష్యం చెప్పి చూశాం. ముప్పై ఏళ్లుగా చెబుతున్నవాళ్లకు కూడా నోరు పెగల్లేదు. నువ్వు ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు గట్టిగా చెప్పి చూసుకో, మూడు నిమిషాలు చాలు.

ఏం చెప్పాలంటావా? నిశ్చితార్థం చెడిపోయిన ఏడాది నువ్వు మా ఇంట్లో ఉన్నావు. పెట్టిన సంగటి ముద్ద పెట్టినట్టే ఆరిపోయేది. ఒక రాత్రి 13వ కీర్తన చదివి, "దేవుడితో ఇట్లా పోట్లాడొచ్చా పెద్దమ్మా?" అని ఏడ్చావు. మరుసటి రోజు స్నానం చేసి జడ వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నావు. ఆ రాత్రి ఏం జరిగిందో నీకు తెలుసు. అదే నీ సాక్ష్యం. ఇప్పటికీ అప్పుడప్పుడు దిగులొస్తుందని కూడా చెప్పు, దాచొద్దు.

నీ పక్క కౌంటర్ అమ్మాయి "ప్రతి ఆదివారం పోయి అక్కడేం చేస్తారు మీరు?" అని అడిగిందన్నావు, నువ్వు మాట మార్చేశావన్నావు. నాకు అక్కడ మనసు చివుక్కుమంది పాపా. నువ్వు పోయి ఎవరి తలుపూ తట్టలేదు, ఆ పిల్లే వచ్చి నీ తలుపు తట్టింది. ఈ వారంలో టీకి వెళ్లినప్పుడు, "ఆ రోజు నువ్వడిగావు, నేను సరిగ్గా చెప్పలేదు" అని మొదలుపెట్టు. ఆమె చెప్పేది కూడా విను. ఆమె ఏ దేవుణ్ణి మొక్కుతుందో, ఎందుకు మొక్కుతుందో అడుగు. విన్నాక ఆమె ఏమీ అనకపోయినా, మళ్లీ ఆ ఊసే ఎత్తకపోయినా నీ స్నేహం ఇసుమంత కూడా తగ్గకూడదు.

ఆ అమ్మాయి పేరు నాకు చెప్పు. తెల్లవారుజామున ప్రార్థనలో పెట్టుకుంటాను. శనివారం మీ మామ తిరుపతికి వస్తున్నాడు, ఊరుబిండి చేసి పంపిస్తాను, ఇద్దరికీ సరిపోయేంత.

నీ పెద్దమ్మ